ఎడమవైపు చుట్టిన తీగ

పోయిన వారం కథలో నన్ను పోలీస్ స్టేషన్ వెనక ఖాళీ స్థలంలో, పట్టుబడ్డ బళ్ళ మధ్య, గుప్పిట్లో తీగముక్కతో నిలబెట్టి మీ దారిన మీరు వెళ్ళిపోయారు. నేనింకా అక్కడే ఉన్నాను.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం జరిగింది క్లుప్తంగా చెబుతాను. కాలువ పక్కన సైకిళ్ళకూ నడిచేవాళ్ళకూ మాత్రమే వేసిన బాట మీద మా అత్తయ్యను ఒక దొంగబండి గుద్దేసి పోయింది. దొంగబండి అంటే ఎవరింట్లోంచో ఎత్తుకొచ్చింది కాదు. మామూలు సైకిలుకు పెద్ద మోటారు, బ్యాటరీ తగిలించి, నంబరూ లైసెన్సూ ఏమీ లేకుండా స్కూటరుకన్నా జోరుగా తోలే రకం. ఆ సాయంత్రం సన్నగా జల్లు పడుతోంది. అత్తయ్య పక్కింటివాళ్ళ పసుపు వానకోటు తొడుక్కుని ముందు పోతోంది. నేను వంతెన దగ్గర ఊడిన చైను ఎక్కించుకుంటూ వెనకబడ్డాను. దూరం నుంచి నాకు కనిపించిందల్లా బండి మీద ఇద్దరు మనుషులు, ఇద్దరికీ నల్ల హెల్మెట్లు. వాళ్ళు ఆగలేదు. అత్తయ్య తుంటి ఎముక విరిగింది.

ఊరికి అటు చివర గోడౌన్లో పనిచేసే మావారు, నేను ఫోన్ చేశాక ఎలా వచ్చారో ఏమో, అంబులెన్సుకన్నా ముందే చెమటలు కక్కుకుంటూ పరుగెత్తుకొచ్చారు. తల్లి తల ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. "వాడెవడో దొరకనీ, జైలు కూడు తినిపించకపోతే నా పేరు మార్చుకుంటా" అని చుట్టూ ఉన్నవాళ్ళందరి ముందూ అరిచారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన మీద నాకంత ప్రేమ పొంగింది అప్పుడే.

ఆ బండిని అవతలి వంతెన కింద తుప్పల్లో దాచేశారు. పోలీసులకు దొరికింది. గుర్తుపడతారేమోనని ఈ ఉదయం నన్ను పిలిచారు.

గుర్తుపట్టాను. బండిని కాదు, తెగి వేలాడుతున్న దాని బ్రేకు తీగ కొసను.

మా నాన్న సైకిళ్ళు బాగుచేసేవాడు. బ్రేకు తీగ కొస విచ్చుకోకుండా అందరూ ఒక చిన్న రేకు టోపీ నొక్కి వదిలేస్తారు. అది ఎప్పుడో ఊడిపోతుందని ఆయనకు నచ్చేది కాదు. సన్నటి రాగితీగ చుట్టి, దాని మీద మా అమ్మ గోళ్ళరంగు ఒక చుక్క వేసేవాడు. ఆయనది ఎడమచేతి వాటం, అందుకని ఆ చుట్టు అందరి చుట్టులా కాక ఎడమవైపు తిరిగేది. ఆయన్ని చూసి నేర్చుకున్నాం గనక నాకూ మా తమ్ముడికీ కూడా అలాగే అలవాటైంది. అమ్మానాన్నా ఇద్దరూ పోయారు. బ్రేకు తీగకు ఎడమవైపు రాగి చుట్టి ఎర్రచుక్క పెట్టేవాళ్ళు ఇప్పుడు లోకంలో ఇద్దరే మిగిలారు. అందులో నేను ఆ బండి ముట్టుకోలేదు.

"ఏమ్మా, పోల్చుకున్నారా?" అని అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"అన్నీ ఒక్కలాగే ఉన్నాయండీ" అన్నాను. ఆయన ఫోను మోగి అటు తిరగ్గానే, పురి విడిపోయిన ఆ కొసను మెలితిప్పి తెంపి గుప్పిట్లో దాచేశాను. కట్టుడు పళ్ళు చేయడం నా పని. రోజంతా ఇంతింత తీగలు వంచి తెంపి పళ్ళకు బిగించే వేళ్ళు ఇవి. నన్ను అడక్కుండానే వాటి పని అవి చేసేశాయి.

"సరేనమ్మా. సాయంత్రం నేనే ఆస్పత్రికొస్తాను. మీ అత్తగారి దగ్గరే కూర్చుని మీ వాంగ్మూలం రాసుకుంటాను. మీవారు కూడా అక్కడే ఉంటానన్నారు" అన్నాడాయన.

అంటే సాయంత్రంలోగా తేలిపోవాలి. తోడబుట్టినవాణ్ణి పోలీసులకు అప్పగించడమా, మంచానికి అతుక్కుపోయిన అత్తయ్య మొహంలో మొహం పెట్టి అబద్ధమాడటమా?

స్టేషన్ నుంచి తమ్ముడి షాపుకు కాలువ బాటే దగ్గర. బస్సెక్కి పోవచ్చు, ఎక్కలేదు. అత్తయ్య పడిన రోజు నుంచీ పంతం పట్టి రోజూ ఆ బాట మీదే తొక్కుతున్నాను. మా ఆడవాళ్ళ సైకిల్ గుంపులో సగం మంది భయపడి మానేశారు. మిగతావాళ్ళం కూడా ఇంట్లో కూర్చుంటే ఆ బాట వాళ్ళకు రాసిచ్చేసినట్టే కదా!

వంతెన కింద ముగ్గురు కుర్రాళ్ళున్నారు. రెండు బళ్ళు బాటకు అడ్డంగా నిలబెట్టారు. పాటలు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. కింద సీసాపెంకులు. మోటారు బళ్ళు రాకూడదని చెప్పే బోర్డు పక్కనే ఉంది, దాని మీది సైకిలు బొమ్మకు ఎవడో నల్లరంగుతో కొమ్ములు గీశాడు.

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మా గుంపుకు నేనే నేర్పాను. వాళ్ళ మధ్యలోంచి దూరకూడదు, వాదించకూడదు. బెల్లు కొట్టి, ఆగి, ఒక కాలు నేలకు ఆనించి, వాళ్ళ మొహాల్లోకి చూస్తూ నిలబడాలి. తిడితే వాళ్ళకు అదో ఆట. ఊరికే చూస్తుంటే కాసేపటికి వాళ్ళకే విసుగొచ్చి తప్పుకుంటారు. అత్తయ్య మాత్రం నా మాట ఒక్కనాడూ విన్న పాపాన పోలేదు. "అలా చూస్తూ నిలబడటానికి వాళ్ళేమైనా పెళ్ళికొడుకులా?" అని విసుక్కుని, సైకిలు దిగి, ఒక్కొక్కడి చెవి మెలిపెట్టినంత పని చేసేది. అరవై దాటాక సైకిలు నేర్చుకున్న మనిషి. ఆ నోటికి జడిసే గుంపులో అందరూ ఆవిడకు కెప్టెన్ అని పేరు పెట్టారు.

నేను బెల్లు కొట్టాను.

"ఆంటీ, ఇంకోసారి కొట్టవా, పాటలో బాగా కలిసింది" అన్నాడొకడు. మిగతా ఇద్దరూ ఇకిలించారు. ఇంకొకడు బండెక్కి ముందు చక్రం గాల్లోకి లేపి, నా చుట్టూ తిరిగి, నా చెప్పు పక్కనే తుపుక్కున ఉమ్మాడు. నేను కదల్లేదు. వాడి మొహం కేసే చూద్దామనుకున్నాను గానీ, నా కళ్ళు వాడి హ్యాండిల్ కిందికి పోయాయి.

బ్రేకు తీగ కొసన ఎర్రచుక్క ఉంది. రెండో బండి వైపు చూశాను. దానికీ ఉంది.

స్టేషన్ నుంచి అక్కడిదాకా తమ్ముడి తరఫున నేనే వకీలునై వాదించుకుంటూ వచ్చాను. ఎప్పుడో అమ్మేసిన పాత సైకిలేమో, కొన్నవాడెవడో మోటారు తగిలించుకున్నాడేమో, వీడికేం తెలుస్తుంది పాపం అని. ఆ వాదన అక్కడితో మూగబోయింది.

"బండి బాగుంది బాబూ. ఎవరు కట్టారు?" అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"పానా అన్న. నీక్కూడా కావాలా ఆంటీ? ముసలోళ్ళకు తగ్గించి ఇస్తాడులే."

పానా! చిన్నప్పుడు నాన్న సామాన్ల పెట్టెలోంచి పానా ఎత్తుకొచ్చి తలగడ కింద పెట్టుకుని పడుకునేవాడని మేం పెట్టుకున్న ముద్దుపేరు అది. ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను. నాకింకా యాభై నిండలేదని ఆ వెధవకు చెప్పాలనిపించింది, భోరుమని ఏడవాలనిపించింది. ఏదీ చెయ్యకుండా, "కావాలి. అక్కడికే పోతున్నా" అన్నాను.

"అయితే దారివ్వండ్రా, మన కస్టమరు" అని వాడు బండి పక్కకు లాగాడు. ఇన్నాళ్ళలో వాళ్ళు మర్యాదగా దారిచ్చింది అదే మొదటిసారి.

షాపు షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్ళాను. నాన్న బల్ల, నాన్న పట్టకారు, మేకులకు వేలాడే ట్యూబులు, పంక్చరు చూసే నీళ్ళ తొట్టి, అదే రబ్బరు జిగురు వాసన. తమ్ముడు స్టూలు మీద కూర్చుని అత్తయ్య ఎర్ర సైకిలు చక్రం సరిచేస్తున్నాడు. ఒక్కో చువ్వ వేలితో మీటి, చప్పుడు విని, బిగిస్తున్నాడు. ఆ క్షణంలో వాడు మా నాన్నే అనిపించాడు, అందుకే నాకు మరీ ఒళ్ళు మండింది.

"రా అక్కా! కెప్టెన్ బండి అయిపోవచ్చింది. ఆవిడ లేచేసరికి కొత్తదాన్ని చేసి పెడతా" అంటూ చక్రాన్ని గిర్రున తిప్పి చూపించాడు.

నేను గుప్పిట విప్పి తీగముక్కను బల్ల మీద పెట్టాను.

వాడు దాన్ని చూశాడు. చక్రం తిరిగి తిరిగి దానంతటదే ఆగింది.

"ఏంటిది?"

"నువ్వే చెప్పు."

"ఏదో పాత బండిదేమో అక్కా. ఎంతమందికి వేసుంటాను, ఏమని గుర్తుంటుంది?" అంటూ గుడ్డపీలిక తీసుకుని చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

వాడి చేతులు శుభ్రంగానే ఉన్నాయి. చిన్నప్పటి నుంచీ అంతే, అబద్ధం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా లేని మురికి తుడుచుకుంటాడు. వాడితో మాట్లాడటం దండగని వెనకగది తెర లాగేశాను.

గోడవారగా మోటార్లు, చుట్టలు చుట్టిన తీగలు, స్కూటరు పిడుల్లాంటి యాక్సిలరేటర్లు పెట్టి ఉన్నాయి. ఒక మూల నలుచదరపు పెట్టెలేవో నీలిగళ్ళ దుప్పటి కప్పి దాచాడు. దుప్పటి లాగితే కింద బ్యాటరీలు. ఆ దుప్పటి అంచున ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ ఉంది. కాల్చింది నేనే.

"ఇది మా ఇంటి దుప్పటి కదరా! ఇక్కడికెలా వచ్చింది?"

"నువ్వే ఎప్పుడో పాతగుడ్డలతోపాటు ఇచ్చావుగా" అన్నాడు నా వైపు చూడకుండా.

ఇచ్చానేమో. దుప్పటి గురించి ఆలోచించే స్థితిలో లేను నేను.

"ఎన్నాళ్ళ నుంచి సాగుతోంది ఈ భాగోతం?"

"అక్కా, అరవకు. బయటికి వినిపిస్తుంది."

"వినిపించనీ! ఊరంతా వినిపించనీ! మా అందరి సైకిళ్ళకూ ఊరికే బెల్లులు బిగించావే, 'ఆ వెధవలొస్తే గట్టిగా మోగించండక్కా' అని! ఆ వెధవలకు బళ్ళు కట్టిస్తున్నది నువ్వా? వార్డు ఆఫీసు ముందు మాతోపాటు ఎండలో అట్ట పట్టుకుని నిలబడ్డావు కదరా. 'మా బాట మాకివ్వండి' అని నీ చేత్తోనే రాశావు కదరా! లోపల్లోపల నవ్వుకున్నావా మమ్మల్ని చూసి?"

"నవ్వలేదు. ఒట్టు, నవ్వలేదు." వాడు ముందుగది వైపు చెయ్యి చూపించాడు. "షాపు చూడక్కా. పంక్చరు వేయించుకోవడానిక్కూడా ఎవడూ రావట్లేదు. నాన్న ఉన్నప్పుడు బయట బారులు తీరేవాళ్ళు. మోటార్లు పెట్టడం మొదలెట్టాకే ఈ షట్టరు తెరిచి ఉంటోంది. నేను తెచ్చేది కూడా కాదు. సరుకు తెచ్చేవాళ్ళు తెస్తారు, నేను బిగిస్తానంతే."

"ఎవరు తెచ్చేది?"

మళ్ళీ గుడ్డపీలిక అందుకున్నాడు. నేను లాక్కుని అవతల పారేశాను.

"సరే, అది వద్దు. ఆ రోజు బండి మీద ఉన్నదెవరు? నీ కస్టమర్లలో ఎవడు గుద్దాడు మా అత్తయ్యను? వాడి ఇల్లు చూపించు, నేను వాడితోనే తేల్చుకుంటాను. నీ పేరు ఎత్తను." నిజమే, అప్పటికి కూడా నేను వాడిని కాపాడే దారే వెతుకుతున్నాను. ఎవడో ఒకడు ముక్కూమొహం తెలియనివాడు ఉంటాడని, వాడి నెత్తిన వేసి మేం ఇద్దరం బయటపడతామని చివరి ఆశ.

తమ్ముడు స్టూలు మీద కూలబడి, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. తుడుచుకోలేదు.

"నేనే అక్కా" అన్నాడు.

వెంటనే అర్థం కాలేదు నాకు. అర్థమయ్యాక, ఏం చెయ్యాలో తెలియక, పక్కనే ఉన్న అత్తయ్య సైకిలు సీటు పట్టుకున్నాను.

"కొత్త మోటారు, ఎలా లాగుతోందో చూద్దామని తీశాం. వానలో ఎవరూ ఉండరనుకున్నా. మలుపు తిరగ్గానే పసుపు కోటు కనిపించింది. బ్రేకు నొక్కాను. దేవుడి మీద ఒట్టు, నొక్కాను. ఆ జోరుకు సైకిలు బ్రేకు ఆగుతుందా? తీగ తెగిపోయింది. ఆవిడని అప్పుడు తెలీదు. నువ్వు ఫోన్ చేశాకే తెలిసింది."

"తెలిశాక వచ్చి ఏం చేశావురా? ఆస్పత్రిలో ఆవిడ పక్కన కూర్చుని నారింజతొనలు వలిచి నోట్లో పెట్టావు. 'కెప్టెన్, నువ్వు లేవాలి' అన్నావు. నేను బయట వరండాలో నీ భుజం మీద తల పెట్టి ఏడ్చాను. 'ఊరుకో అక్కా, వాడు దొరుకుతాడు' అని నన్ను ఓదార్చావు. నీకు అన్నం ఎలా సయించిందిరా?"

బల్ల మీది తీగముక్కను వాడి వైపు జరిపాను.

"నాన్న ఈ తీగ ఎందుకు చుట్టేవాడో గుర్తుందా నీకు? పిల్లల సైకిలు తుడిచేటప్పుడు కొస విచ్చుకుని వేలికి గుచ్చుకుంటుందని. ఒక్క పసివేలికి గుచ్చుకోకూడదని అంత ఓపిగ్గా కూర్చుని చుట్టేవాడురా ఆయన! ఆ చుట్టే చుట్టి, ఆ చుక్కే పెట్టి, ముసలావిడ తుంటి విరగ్గొట్టావు. ఆ చుట్టు చూడకపోయినా బాగుండేది. ఎవరో పరాయివాళ్ళు చేశారని తిట్టుకుంటూ బతికేదాన్ని."

అప్పుడు ఏడ్చాడు వాడు. చిన్నప్పుడు వాడేడిస్తే ముందు నేనే పరుగెత్తి కళ్ళు తుడిచేదాన్ని. ఈసారి చెయ్యి లేవలేదు.

"గుద్దావు, సరే, బ్రేకు పడలేదు. ఆ తర్వాత ఎందుకు ఆపలేదు? కాళ్ళు నేలకు రాసయినా ఆపొచ్చుగా?"

"ఆపబోయాను అక్కా..."

"ఆపబోతే?"

వాడి కళ్ళు ఒక్కసారి వెనకగది వైపు పోయి వచ్చాయి.

"వెనక కూర్చున్నదెవడు? ఇద్దరున్నారు, నేను చూశాను."

"ఎవడో కస్టమరు. పేరు తెలీదు." చేతులు ప్యాంటుకు రాసుకున్నాడు, ఈ వైపూ ఆ వైపూ. "అక్కా, ఒక్క మాట విను. పోలీసులకు చెప్పాలనుకుంటే చెప్పు, కాదనను. నేనే వస్తాను కావాలంటే. కానీ బండి మీద నేనొక్కణ్ణే ఉన్నానని చెప్పు. దూరం నుంచి సరిగ్గా కనపడలేదని చెప్పు. నీ మంచికే చెబుతున్నా."

"నా మంచి? నా మంచి గురించి మాట్లాడటానికి నీకింకా మొహం చెల్లుతోందా?"

బల్ల మీది తీగముక్క కోసం వాడు చెయ్యి చాచాడు. నేను ముందే లాగేసుకుని సంచిలో వేసుకున్నాను. షట్టరు కింది నుంచి వంగి బయటికొస్తుంటే వెనక నుంచి, "అక్కా, ఒక్కణ్ణే అని చెప్పవే, నీ కాళ్ళు పట్టుకుంటా" అంటూనే ఉన్నాడు. జైలుకు పోయేవాడికి తోడు ఒకడుంటే బరువు తగ్గుతుంది గానీ, వీడేమిటి ఒక్కడినే మోస్తానంటాడు? ఎంత తొక్కినా అదే తిరిగింది నా బుర్రలో.

ఆస్పత్రికి చేరేసరికి కిటికీల్లోంచి ఏటవాలు ఎండ మంచాల మీద పడుతోంది. అత్తయ్య మంచం కిటికీ పక్కనే. కాలికి బరువు కట్టి వేలాడదీశారు. నన్ను చూడగానే పక్క మంచమావిడ గురక మీద ఫిర్యాదు మొదలుపెట్టింది. తర్వాత డాక్టరు మీద. కర్ర సాయంతో నడవచ్చు గానీ సైకిలు సంగతి మర్చిపొమ్మన్నాడట.

"మర్చిపోవడానికి అదేమైనా తాళంచెవా? అడిగాను వాణ్ణి. నవ్వి పోయాడు" అంది. బోసినోటితో ఆ మాటలు సగం గాలిగా వచ్చాయి. ఆవిడ పళ్ళు బల్ల మీద గిన్నెలో నీళ్ళల్లో ఉన్నాయి. ఆ పళ్ళు చేసింది నేనే. పడినప్పుడు ముందు పన్ను విరిగితే మళ్ళీ అతికిందీ నేనే.

స్టూలు లాక్కుని కూర్చున్నాను. దుప్పటి సర్దాను. మళ్ళీ సర్దాను.

"ఏమైందే అమ్మాయ్? స్టేషన్లో ఏమన్నారు?"

అబద్ధం చెప్పడానికే నోరు తెరిచాను. తీరా ఆ కాలు, ఆ బరువు చూశాక, సంచిలోంచి తీగముక్క తీసి చూపించి ఉన్నదంతా కక్కేశాను. తీగ, ఎర్రచుక్క, షాపు, మోటార్లు, వాడి ఏడుపు. "మా తమ్ముడే అత్తయ్యా. నా పుట్టింటివాడే నిన్నిలా చేశాడు. నన్ను తిట్టు, కొట్టు, ఏం చేసినా పడతాను" అని ఆవిడ చెయ్యి నా నెత్తిన పెట్టుకున్నాను.

అత్తయ్య తిట్టలేదు.

"నా పళ్ళు ఇటివ్వు" అంది.

పళ్ళు పెట్టుకోకుండా ఆవిడ ముఖ్యమైన మాట ఏదీ మాట్లాడదు. ఆఖరికి ఆపరేషన్‌కు ఒప్పుకోవడానిక్కూడా పళ్ళు పెట్టుకునే సంతకం చేసింది. గిన్నె అందించాను. నిదానంగా పెట్టుకుని, దవడ అటూ ఇటూ ఆడించి సరిచూసుకుంది.

"బండి నడిపింది మీవాడని నాకు తెలీదు. నారింజ వలుస్తుంటే వాడి చేతులు వణికాయి, అప్పుడు అనుమానమొచ్చింది. వాడి సంగతి సరే. వెనకవాడెవడో చెప్పాడా?"

"తెలీదన్నాడు. ఎవడో కస్టమరట. ఒక్కడినే ఉన్నానని చెప్పమని కాళ్ళబేరానికొచ్చాడు."

"చెప్పడులే. నీ కాపురం కూలిపోతుందని చెప్పి ఉండడు." అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది. "నేను పోలీసులకు కళ్ళజోడు పడిపోయింది, ఏమీ కనపడలేదన్నాను కదా. నిజమే, కనపడలేదు. చెవులు మాత్రం ఎక్కడా పడిపోలేదే అమ్మాయ్. నేను కిందపడి మూలుగుతున్నాను. బండి కొంచెం నెమ్మదించింది. ముందువాడు ఆపబోతున్నాడనుకుంటా. వెనకవాడు అరిచాడు, 'ఆపకు, పోనీ!' అని."

"ఎవరత్తయ్యా?"

"నేను కన్న గొంతు నాకు తెలీకుండా పోతుందా?"

గది అలాగే ఉంది. పక్క మంచమావిడ అలాగే గురక పెడుతోంది. నాకు మాత్రం ఒకదాని వెనక ఒకటి కళ్ళ ముందుకొచ్చాయి. మా ఇంటి నీలిగళ్ళ దుప్పటి. సరుకు తెచ్చేవాళ్ళు తెస్తారన్న మాట. ఊరి అటు చివర నుంచి అంబులెన్సుకన్నా ముందే పరుగెత్తుకొచ్చిన మనిషి. ఆ పరుగు చూసి పొంగిపోయిన నా వెర్రి ప్రేమ. ఎంత దగ్గర్లో ఉంటే అంత త్వరగా వచ్చారు!

"నేనని తెలిసి అనలేదు వాడు. అది నాకూ తెలుసు" అంది అత్తయ్య. "నేను కాకపోతే మాత్రం? ఎవరి తల్లో అయితే వదిలేసి పోవచ్చా? అలా పెంచానా నేను? రోజూ పక్కన కూర్చుని కాళ్ళు పిసుకుతాడు. రోజూ చూస్తున్నా, ఇవాళైనా చెబుతాడేమో, ఇవాళైనా చెబుతాడేమో అని. వాడు చెప్పడు, నేను అడగలేను. ఇదిగో, ఇన్నాళ్ళకు నీ నెత్తిన వేశాను."

ఏడవడానిక్కూడా నాకు వ్యవధి లేకపోయింది. వరండాలో బూట్ల చప్పుడు, దాంతోపాటు ఆ గొంతు. "ఇటు రండి సార్, ఈ గదే. మా ఆవిడ వచ్చేసి ఉంటుంది."

తలుపు తీసుకుని మావారు లోపలికొచ్చారు, వెనక ఇన్‌స్పెక్టర్. మావారి చేతిలో తల్లి కోసం పాల ఫ్లాస్కు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, తల్లి నుదురు తాకి చూసి, ఆయనకు కుర్చీ జరిపారు. నేను తీగముక్కను గుప్పిట్లో మూసేశాను. అత్తయ్య నా మణికట్టు వదల్లేదు. ఆపుతోందో, చెప్పమంటోందో ఆ పట్టులో నాకు తెలియలేదు.

"అమ్మా, వాంగ్మూలానికి ముందు ఒక చిన్న విషయం" అన్నాడు ఇన్‌స్పెక్టర్ నన్నే చూస్తూ. "ఉదయం ఆ బండికి ఒక తీగ కొస వేలాడుతుండేది. చివర ఎర్రరంగు, నాకు బాగా గుర్తు. మీరు వెళ్ళాక చూస్తే లేదు. దాని గురించి మీకేమైనా తెలుసా?"

"మా ఆవిడకు తెలిస్తే దాచదు సార్. అబద్ధమాడటం చేతకాని మనిషి" అన్నారు మావారు. నా పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేశారు. "చెప్పు. ఎవడైనా సరే, మనవాడైనా సరే, వదిలేది లేదు."

"నేను... ఆ తీగ..." అని ఆగిపోయాను.

"ఆపకు, చెప్పు" అన్నారు మావారు.

మంచం మీద అత్తయ్య కళ్ళు గట్టిగా మూసుకుంది. నేను గుప్పిట విప్పాను.